రాత్రి వాహన తనిఖీలో ఆయుధం ఎదురైతే: పోలీసు సిబ్బంది పాటించవలసిన జాగ్రత్తలు

విశాఖ దగ్గరి ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి బైపాస్‌ మీద రాత్రి డ్యూటీలో ఆపే కార్లలో చాలావరకు అరకు చూసి వస్తున్న కుటుంబాలో, పెళ్లికి వెళ్లి తిరిగివస్తున్న బంధువులో ఉంటారు. కాగితాలు చూపించి, డిక్కీ తెరిచి, వెళ్లిపోతారు. ఆ అలవాటులో పడి, ఏజెన్సీ (మన్యం) కొండల నుంచి గంజాయితో దిగిన బండి దగ్గరికి కూడా అదే నడకతో వెళ్లడమే అసలు ప్రమాదం.

అమెరికాలోని కాలిఫోర్నియాలో, న్యూహాల్‌ దగ్గర 1970 ఏప్రిల్‌ 5 అర్ధరాత్రి వేళ, తుపాకీ చూపి బెదిరించారన్న సమాచారంతో ఒక కారును ఆపిన హైవే పెట్రోల్‌ అధికారులిద్దరూ, వారికి తోడుగా వచ్చిన మరో ఇద్దరూ ఐదు నిమిషాలలోపే ప్రాణాలు కోల్పోయారు. కారులో ఆయుధం ఉందని ముందే తెలుసు, తోడు బృందం దారిలోనే ఉంది. అయినా ఒక అధికారి ముందు తలుపు దాకా నడిచివెళ్లాడు. తరువాత వచ్చినవారిలో ఒకరు రివాల్వర్‌లో తూటాలు నింపుకుంటూ ఉండగానే మరణించారు.

అందువల్ల అనుమానం గట్టిదైనప్పుడు రెండో బృందం వచ్చేవరకు ఎవరూ బండి దగ్గరికి వెళ్లకూడదు. లంబసింగి వైపు పొగమంచులో, సిగ్నల్‌ అందని ఘాట్‌ మలుపుల్లో తోడు ఆలస్యమవుతుంది కనుక, అక్కడ ఆపడం కన్నా బండి నంబరును కింది చెక్‌పోస్టుకు చెప్పి వెనుకే వెళ్లడం మేలు. హనుమంతవాక వంటి కూడలిలో అయితే, మన తూటా వెళ్లే దిక్కున టీ కొట్టు, జనం ఉన్నారేమో చూసుకోవాలి.

జీపు దిగకముందే కంట్రోల్‌ రూమ్‌కు నంబరు, చోటు చెప్పాలి. హెడ్‌లైట్లు అనుమానిత కారు అద్దాలలో పడేలా ఉంచి, ఆ వెలుతురుకు అడ్డంగా ఎవరూ నడవకూడదు. నడిస్తే లోపలివాడికి మన ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. మన దగ్గర డ్రైవరు కుడివైపు కూర్చుంటాడని అందరమూ అటే వెళ్తాం, కానీ అది లారీలు దూసుకుపోయే వైపు, అతను ఎదురుచూసే వైపు కూడా. ఎడమ నుంచి వెళ్లి, ముందు తలుపుకు ఒక అడుగు వెనుకే ఆగితే, కాల్చాలంటే అతను నడుము తిప్పాలి. ఆ తిప్పడంలో దొరికే క్షణమే మనది. “లోపల లైటు వేయండి, చేతులు స్టీరింగు మీద పెట్టండి” అని మర్యాదగా, గట్టిగా చెప్పి, ముఖాన్ని కాకుండా చేతులనే చూస్తూ ఉండాలి. రెండోవారు వెనుక మూలన నిలబడాలి. బండికి అటొకరు ఇటొకరు ఎదురెదురుగా ఉంటే ఒకరి తూటా మరొకరికి తగులుతుంది.

ఆయుధం కనిపిస్తే మాటలు ఆపి వెనక్కి తగ్గాలి. కారు తలుపు తూటాను ఆపదు. ఇంజిన్‌ భాగం, చక్రాల ఇరుసు కొంత ఆపుతాయి. విశాఖ ఉక్కపోతలో బుల్లెట్‌ప్రూఫ్‌ జాకెట్‌ను సీటు మీద పడేసేవారిని చూస్తూనే ఉన్నాం. అక్కడున్న జాకెట్‌ సీటునే కాపాడుతుంది.

ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, అవసరానికి మించిన బలానికి అది వర్తించదు. కాల్పులు ఆగాక ముందు గాయపడినవారి రక్తం ఆపాలి, అది నిందితుడైనా సరే. కింద పడిన ఆయుధాన్ని ఎవరికీ అందకుండా కాపలా కాస్తూ, ఆధారాలు సేకరించే క్లూస్‌ టీమ్‌ వచ్చేవరకు చేత్తో ముట్టకుండా ఉంచాలి.