వ్యాపార ఫిల్ము నేర్చుకుందాం – 4వ పాఠం: ప్రశ్న తీసేసినా జవాబు నిలబడాల

ఒక మిల్లో, గానుగో, బండల యూనిట్టో, ఆ వ్యాపారం కథను దాని మనుషుల నోటితోనే చెప్పించే చిన్న ఫిల్ము తీయడం గురించే ఈ పాఠాలు. పోయిన పాఠంలో నేను రాసిన ఒక్క మాట కొంప ముంచింది. "షూటింగుకు వారం ముందు కెమెరా లేకుండా పోండి, యజమానితో రెండు గంటలు కూర్చుని అన్నీ మాట్లాడండి" అన్నాను. ఆ "అన్నీ" అనకుండా ఉండాల్సింది. దాని ప్రకారం మీరు తీసి పంపినవి చూశాక ఈ వారం చెప్పాలనుకున్న బడ్జెట్ సంగతి పక్కన పెట్టేశాను. ముందు ఈ చిక్కు తీరాలి.

ఒకాయన ఆదోనిలో జిన్నింగు మిల్లు (పత్తిలో గింజ తీసే మిల్లు) యజమానితో మాట్లాడి, విన్నదంతా చక్కటి పుస్తక భాషలోకి మార్చి, నాలుగు పేజీలు ప్రింటు తీసి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చారు. పత్తిని వేళ్ళ మధ్య నలిపి పింజ పొడవు చెప్పగల మనిషి, ఏడో తరగతి పిల్లోడు పద్యం ఒప్పజెప్పినట్టు "మా సంస్థ నాణ్యతకు మారుపేరుగా నిలుస్తూ..." అని ఆగిపోయాడు. పైకి చూశాడు. మళ్ళీ మొదలు. పదకొండు టేకులు. చివరి టేకులో ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది.

ఇంకొకరిది దీనికంటే బాధ కలిగించింది. అనంతపురం దగ్గర గానుగ నూనె తీసే ఇల్లు. మొదటి రోజు ముచ్చట్లలో ఆ ఇంటాయన, ఎద్దుల గానుగ తీసేసి మోటారు గానుగ పెట్టిన పొద్దు వాళ్ళ జేజి (అవ్వ) అన్నం ముట్టలేదని చెప్పాడంట. ఎద్దును తోలుకుపోతుంటే ఆమె గాటిపాట (ఎద్దును కట్టేసే చోటు) కాడ కూర్చున్న సంగతి కూడా చెప్పాడు. ఫిల్ము మొత్తానికి అదే ప్రాణం. షూటింగు రోజు కెమెరా పెట్టి అదే అడిగితే వచ్చిన జవాబు ఇది: "ఆ పొద్దు చెప్తి గదా సార్, మా జేజి సంగతి. అదే."

ఒక మనిషి ఒక కథను ఒకే మనిషికి రెండోసారి మొదటిసారిలా చెప్పలేడు. మీరూ చెప్పలేరు. అందుకే ముందుగా పోయినప్పుడు లెక్కలు అడగండి, కథలు అడగొద్దు. ఎన్ని మిషన్లు, ఎంతమంది పని చేస్తారు, సరుకు ఏ నెలలో వస్తుంది, ఏ పొద్దున లోడు పోతుంది, ఎవరు ఎక్కడ నిలబడతారు, ఇవి చాలు. కథ దానంతట అది మొదలైతే "ఆగన్నా, ఇది కెమెరా ముందర చెబుదువు" అని నవ్వుతూ ఆపేయాలి. నోటుబుక్కులో మూడు ముక్కలే రాసుకోవాలి: ఎద్దు, జేజి, అన్నం. నేనైతే ఇంకో అడ్డదారి పోతాను. ముందు మాటలకు మా తమ్ముణ్ణి పంపిస్తా. వాడు వచ్చి ఆ మూడు ముక్కలు చెబుతాడు. షూటింగు రోజు నేను కొత్త మనిషిని, కాబట్టి కథ మళ్ళీ కొత్తగా వస్తుంది. తమ్ముడు లేనివాళ్ళు సౌండు చూసే కుర్రాణ్ణి పంపండి.

బ్యాటరీలు, కార్డులు, ట్రైపాడ్ సర్దుకోవడం గురించి రాయను. పెళ్ళిళ్ళు తీసి వచ్చినవాళ్ళే ఎక్కువ మీలో.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయం. మన ఫిల్ములో అడిగేవాడి గొంతు వినబడదు. ఎడిటింగులో ప్రశ్న కోసేస్తాం, జవాబు మాత్రం మిగులుతుంది. తెలుగులో అక్కడే గోతిలో పడతాం. ఎర్రగుంట్ల వైపు ఒక బండల పాలిషింగు యూనిట్‌లో నేనే పడ్డాను, చూడండి.

"ఈ యూనిట్ ఎవరు పెట్టారన్నా?" అంటే "మా నాయన" అన్నాడు. ప్రశ్న కోస్తే, తెర మీద ఒకాయన వచ్చి "మా నాయన" అని ఊరుకుంటాడు. "ఎప్పుడు?" అంటే "ఎనభై తొమ్మిదిలో పెట్టినాడు." ఎవరు? ఏం పెట్టినాడు? "అప్పుడు కరెంటు బాగుండేదా?" అంటే "యాడుండె!" ఎంత అందమైన జవాబు! ఒంటరిగా మాత్రం దేనికీ పనికిరాదు. "పెద్దాయనే చూసుకుండేవారా?" అంటే "ఆయప్పే." సాయంత్రానికి గంటన్నర ఫుటేజీలో ఒంటికాలి మీదైనా నిలబడే వాక్యాలు నాలుగు దొరికాయి.

తప్పు ఆయనది కాదు. మన క్రియలోనే కర్త ఉంటాడు. పెట్టినాడు అంటే వాడు, పెట్టినాం అంటే మేము. ఎదురుగా ఉన్నవాడికి అర్థమైపోతుంది కాబట్టి పేరు పలకాల్సిన పనిలేదు. ఇద్దరు రచ్చబండ మీద మాట్లాడుకుంటే అదే సొగసు. ఫిల్ములో అదే బొక్క.

దీనికి చాలామంది చెప్పే మందు ఒకటుంది: "మా ప్రశ్న కూడా కలుపుకుని జవాబు చెప్పండి" అనడం. దయచేసి అనొద్దు. ఆ మాట విన్న మరుక్షణం మనిషి బిగుసుకుపోయి "మా నాన్నగారు ఈ యూనిట్‌ను 1989వ సంవత్సరంలో స్థాపించడం జరిగింది" అంటాడు. "జరిగింది" వినబడిందంటే ఆ టేకు పోయినట్టే. ఇంట్లో పెళ్ళాంతో "అన్నం తినడం జరిగింది" అంటాడా ఎవరైనా?

నేను చేసేది రెండు పనులు. ఒకటి, ప్రశ్న మానేసి "సంగతి చెప్పు" అనడం. "మొదటి మిషను దిగిన పొద్దు సంగతి చెప్పన్నా" అంటే ఆయన వాకిట్లో నుంచి మొదలుపెడతాడు: "మా నాయన మిషను తెస్తాండాడని ఊర్లో ఎవురూ నమ్మలా..." నాయన, మిషను, ఊరు, అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి. "మీ బండ ప్రత్యేకత ఏమిటి?" అంటే ప్రకటన వస్తుంది. "బండ వాపసు వచ్చిన సంగతి ఏమైనా ఉంటే చెప్పన్నా" అంటే నిజం వస్తుంది. "కూలీలు దొరుకుతున్నారా?" అంటే "యాడ దొరుకుతారు సార్." "పండగ మర్నాడు యూనిట్ తెరిచేటప్పటి సంగతి చెప్పు" అంటే అయిదు నిమిషాల తిట్లు, అందులో ఒక నిమిషం బంగారం.

రెండోది, కెమెరా పక్కన ఏమీ తెలియని పిల్లోణ్ణి కూర్చోబెట్టడం. "వీనికి చెప్పన్నా, వీడు బెంగళూరులో పెరిగినోడు, బండ భూమిలో నుంచి వస్తాదని కూడా వీనికి తెలీదు" అంటాను. అంతే, పెద్దాయన గుక్క తిప్పుకోకుండా గనిలో పొర విడదీయడం దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు. నాతో ఒక్కమాటలో తేల్చేసింది పిల్లోడికి పూసగుచ్చినట్టు చెబుతాడు.

ఇక "సార్" సంగతి. ప్రతి వాక్యం చివర సార్ తగిలిస్తున్నాడంటే మీకు భయపడుతున్నాడని అర్థం. మీ కుర్చీ ఆయన కుర్చీ కంటే ఎత్తుగా ఉందేమో చూసుకోండి. నేను బండ మీదే కూర్చుంటాను.

చోటు చూడటం. షూటింగు ఏ గంటకో, చూడటానికీ అదే గంటకు పోవాలి. కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు వినాలి. ఎర్రగుంట్లలో నేను పోయింది సాయంత్రం, మిషన్లు ఆపేశాక. పొద్దున పోతే పక్క మనిషి మాట వినబడలేదు. చివరికి మేస్త్రీని అడిగితే అన్నాల వేళ అరగంట మిషన్లన్నీ ఆపుతామన్నాడు. ఇంటర్వ్యూ ఆ అరగంటలోనే. కాబట్టి నా కాగితం మీద ఇరవై ప్రశ్నలుండవు, ఏడో ఎనిమిదో సంగతులే. ఆ అరగంటలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేయడానికి పోతుంది. ఎడిటింగులో కోతల మధ్య అతుకు వేసేది అదే.

కడప బండకు ఇంకో తిరకాసుంది. తడిపితే నల్లగా ఉంటుంది, ఆరితే బూడిద రంగుకు తిరుగుతుంది. పొద్దున తడి బండ, మధ్యాహ్నం పొడి బండ తీస్తే రెండు వేర్వేరు రాళ్ళనుకుంటారు. ఏదో ఒకటి ముందే తేల్చుకోండి. మెరుగు పెట్టిన నల్ల బండలో మీ పసుపు చొక్కా కనబడుతుంది, ముదురు రంగు వేసుకుని పోండి. షెడ్డులో ట్యూబులైట్లుంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలా పెడితే వెలుతురు కొట్టుకోవడం చాలావరకు తప్పుతుంది. బయట తీసేవి పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత. ఏప్రిల్ చివర, మళ్ళీ ఆగస్టు నడుమ మిట్టమధ్యాహ్నం కడపలో సూర్యుడు నెత్తి మీదే ఉంటాడు, మనిషి కళ్ళు గుంటల్లా పడతాయి.

యజమాని ఒప్పుకుంటే సరిపోదు, బండ మోసే మనిషినీ అడగాలి. ఆ ఒక్క రోజుకు కొత్త మాస్కులు, హెల్మెట్లు తెచ్చి తొడిగిస్తామంటే నేను తీయను. రోజూ తొడిగిస్తారా, అప్పుడు తీద్దాం.

డ్రోను నాకు నచ్చదు. ఆకాశం నుంచి చూస్తే ఏ యూనిట్ అయినా రేకుల కప్పే. తప్పదంటే డ్రోను ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు ముందే చూసుకోండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకుపచ్చ జోనులో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్యలో అది 200 అడుగులే. కడపలోనూ ఓర్వకల్లు వైపూ విమానాశ్రయాలున్నాయని మరవద్దు.

కాలం కూడా చూసుకోవాలి. రోహిణి కార్తెలో ఆదోని మిల్లుకు పోయి కొత్త పత్తి బండ్లు కావాలంటే ఎవరు తేగలరు? వానకాలం బుడ్డల (వేరుశనగ) కళ్ళం కావాలంటే అక్టోబరు, నవంబరు. గానుగ ఏడాదంతా తిరుగుతుంది, చేను తిరగదు.

ప్లాను కాగితం సంగతి మరిచేపోయాను. పేజీ నడుమ గీత కొట్టండి, ఎడమ వైపు వినిపించేది, కుడి వైపు కనిపించేది. ఎడమవైపే ముందు నింపాలి. "తడిపితే గానీ బండ రంగు తెలీదు" అని ఎడమన ఉంటే, కుడిన చెంబుతో నీళ్ళు పోసే చెయ్యి. కుడిన ఏమీ రాయలేకపోయారంటే ఆ మాట ఫిల్ములో అక్కర్లేదేమో చూడండి. నేను పెళ్ళి పత్రికల వెనకే రాస్తాను, అట్ట గట్టిగా ఉంటుంది, జేబులో నలగదు.

అభ్యాసం. వచ్చే పాఠానికి పదిహేను రోజులుంది. మీ ఊళ్ళో ముగ్గురిని ఎంచుకోండి, ఒకరు మీకు అస్సలు తెలియనివాళ్ళయి ఉండాలి. ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు, ఫోనులో గొంతు మాత్రమే. ఒక్క ప్రశ్న కూడా వేయకండి, "సంగతి చెప్పు" అనే వాడండి. తర్వాత గంటసేపూ విని, అక్షరం మార్చకుండా చేత్తో రాయండి. "యాడుండె" అంటే "యాడుండె" అనే. రాసింది మీ ఇంట్లో ఎవరికైనా ఇచ్చి, ఎవరి గురించో ఏం గురించో అడగకుండా అర్థమైన వాక్యాల కింద గీత కొట్టించండి. ముగ్గురివీ కలిపి పన్నెండు గీతలు రావాలి. రాకపోతే నాలుగో మనిషిని వెతుక్కోండి. టైపు చేసింది పంపొద్దు, నోటుబుక్కు పేజీల ఫొటోలే పంపండి, కొట్టివేతలతో సహా.