వేరే దేశం పరిచర్యకి వెళ్ళారు సరే, మనసు కూడా వచ్చిందా?

ఒక ఇంటికి ప్రార్థనకి పిలిచారు. పెద్దావిడ తన కొడుకు గురించి చెప్తూ ఉంది, నేను తల ఊపుతూ ఉన్నాను, లోపల మాత్రం ఈ వారం ప్రార్థన ఉత్తరంలో ఈవిడ గురించి ఎలా రాస్తే బాగుంటుందా అని వాక్యాలు పేర్చుకుంటున్నాను. ఆవిడ మాట ఆపి నన్ను ఏదో అడిగింది. భాష రాక కాదు, పక్కనున్న అనువాదకుడు ఆ ప్రశ్న నాకు చెప్పాడు కూడా. నేను వినలేదు, అంతే.

కాబట్టి ముందు, మనల్ని పంపించినవాళ్ళకి రాసే ఇలాంటి ఉత్తరాలు, రిపోర్టుల సంగతే మాట్లాడతాను, ఎందుకంటే మిషన్‌లో మనల్ని ఎదుటి మనిషి దగ్గర నుంచి లాగేసేది ఫోన్ కంటే కూడా ఇదే అని నా నమ్మకం. పంపించినవాళ్ళకి కబురు చెప్పాల్సిందే, వాళ్ళు డబ్బు ఇచ్చారు, మన కోసం మోకాళ్ళ మీద ప్రార్థిస్తున్నారు. కానీ రాసే రోజు వేరే, కలిసే రోజు వేరే అని గట్టిగా గీత గీసుకోండి. వారంలో ఒక పూట రాతకి పెట్టుకోండి, మిగతా రోజుల్లో రాత్రి పడుకునే ముందు ఒక నోట్‌బుక్‌లో పేరు, ఆ మనిషి అన్న ఒక మాట, అంతవరకే. ఒకరింటికి వెళ్ళినప్పుడు ఫోన్ సంచిలోనే ఉండాలి. మొదటి పరిచయంలో ఫోటో వద్దు. సహాయం ఇచ్చిన రోజున అసలే వద్దు, ఎందుకంటే చేతిలో మీరిచ్చిన మూట ఉన్న మనిషి "ఫోటో తీయనా" అంటే కాదని ఎలా అంటాడు? అది అనుమతి అడగడం కాదు. ఆసుపత్రి మంచం మీద మీ చెల్లెలు ఉంటే అలాంటి ఫోటో ముక్కూమొహం తెలియనివాళ్ళకి పంపుతారా అని ఒక్కసారి ఆలోచించుకుంటే చాలావరకు జవాబు దొరికేస్తుంది.

ఫలితాలు చూపించాలన్న టెన్షన్ ఉంటుంది, ఒప్పుకుంటాను. అమెరికా మిషనరీ అడోనిరాం జడ్సన్, ఆయన భార్య 1813లో బర్మాలోని రంగూన్‌లో దిగారు. అక్కడ మొదటి బాప్తిస్మం 1819లో జరిగింది. మధ్యలో ఆరేళ్ళు, అందులో ఎక్కువ భాగం బర్మా భాష నేర్చుకోవడానికి, అనువాదానికే పోయింది. (నెలనెలా "ఈ నెల విశేషాలు" పంపమని ఎవరైనా అడిగి ఉంటే పాపం ఏం రాసేవాడో!) 1819లోనే ఆయన దారి పక్కన జయాత్ ఒకటి కట్టించాడు, అంటే బాటసారులు ఆగి సేదతీరే చావడి లాంటిది, వచ్చేపోయేవాళ్ళతో అందులో కూర్చుని మాట్లాడేవాడు. ఆ మొదటి బాప్తిస్మం తీసుకున్న మౌంగ్ నౌ కూడా అక్కడికి వచ్చినవాడే. మీరున్న చోట అలా జనం ఊరికే కూర్చునే చోటు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది వెతకండి, వారానికి రెండుసార్లు ఒకే వేళకి అక్కడికి వెళ్ళి కూర్చోండి, చేతిలో కరపత్రాలు లేకుండా.

ఇంటి ఫోన్ల విషయానికొస్తే, పూర్తిగా మానేయమని చెప్పను, అది జరిగే పని కాదు. రెండు దేశాల టైము చూసుకుని ఒక వేళ పెట్టుకుని, అమ్మకి, నాన్నకి ముందే చెప్పేయండి, అప్పుడు మధ్యలో ఫోన్ రాకపోయినా వాళ్ళు కంగారుపడరు. ఫ్యామిలీ గ్రూపులు, సంఘం గ్రూపులు మ్యూట్ చేయండి. నిజంగా అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో ఒక నంబరు ఇచ్చి ఉంచండి, సగం భయం దాంతోనే పోతుంది.

మొదట్లో అన్నీ బాగుంటాయి, తర్వాత అన్నీ విసుగు తెప్పిస్తాయి. కాలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1960లో అచ్చయిన వ్యాసంలో దీన్నే కల్చర్ షాక్ అని దశలవారీగా వివరించాడు, మోజుతో మొదలై, చిరాకులోకి దిగి, మెల్లగా కుదురుకోవడం. ఆ చిరాకు దశ వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, "మన దగ్గరైతేనా" అనే మాట నోట్లో ఎక్కువగా తిరుగుతుంది. ఆ మాట వచ్చిందంటే మనసు అప్పటికే విమానం ఎక్కేసిందన్నమాట. అలాంటప్పుడు దాన్ని పైకి అనకుండా, అక్కడివాళ్ళని ఎవరినైనా "ఇది ఇలా ఎందుకు చేస్తారు?" అని అడిగి చూడండి. నిజంగా తెలుసుకోవాలని అడగాలి, ఎత్తిపొడుపులా కాదు.

భాష సరిగా రానిచోట మనసు ఎటో పోవడం సహజం. రోజుకి ఒక్క వాక్యం నేర్చుకుని దాన్నే పది, ఇరవై మందితో అనండి, తప్పు అన్నా పర్లేదు, వాళ్ళు నవ్వి దిద్దుతారు, ఆ దిద్దడంలోనే పరిచయం పెరుగుతుంది. గంటసేపు అర్థంకాని మాటల మధ్య కూర్చోవాల్సి వస్తే తెలిసిన మాట ఒక్కటి పట్టుకోవడానికి చెవి పెట్టండి, కునుకు కూడా రాదు. అనువాదకుడు ఉంటే ఆయన్ని చూస్తూ "ఆవిడని ఎలా ఉందో అడగండి" అనకండి. ఆవిడ మొహం చూసి, "ఎలా ఉన్నారమ్మా?" అని నేరుగా అనండి. చిన్న వాక్యాలు చెప్పి ఆగండి.

దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు మనవాళ్ళకి ఒక అలవాటు ఉంది, చెప్తే కోపం రావచ్చు. ఏం మాట్లాడాలో తోచకపోతే "ప్రార్థన చేసుకుందామా" అంటాం, ఆమెన్ అనగానే లేస్తాం. అంటే ప్రార్థనని బయటికి దారిగా వాడుకుంటున్నాం. బైబిల్లో, అన్నీ పోగొట్టుకున్న యోబుని ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు, వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే చెడగొట్టారు. ప్రార్థన చేయండి, చేశాక ఇంకాసేపు కూర్చోండి. మౌనం ఇబ్బందిగా అనిపిస్తే అది మన ఇబ్బందే, ఆ ఇంటివాళ్ళది కాకపోవచ్చు.

ప్రోగ్రాం ఊపిరాడకుండా వేసుకోకండి. మార్కు సువార్త 5లో యేసు యాయీరు ఇంటికి వెళ్తూ దారిలో తన వస్త్రం ముట్టిన స్త్రీ కోసం ఆగాడు, ఆమె చెప్పిందంతా విన్నాడు. అవతల యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది, ఆ తండ్రి ఎంత నలిగిపోయి ఉంటాడో! ఆగడమంటే ఇంకొకరిని ఎదురుచూడమనడమే, అది తేలిక కాదు. అందుకే పూటకి ఒక గంటైనా ఖాళీ వదిలేయండి, దారిలో ఎవరైనా ఆపితే ఆ గంట వాళ్ళది.

అలాగని ఇరవైనాలుగు గంటలూ అందరికీ దొరకాలని కాదు. అదే మార్కు సువార్త మొదటి అధ్యాయంలో అందరూ తనని వెతుకుతున్నారని శిష్యులు చెప్తే, వేరే ఊళ్ళకి వెళ్దాం పదండి అన్నాడు ప్రభువు. నిద్ర లేని మనిషి ఎదురుగా కూర్చున్నా లేనట్టే. వారానికి ఒక రోజు సెలవు పెట్టుకోండి, సిగ్గుపడకండి.

మీరు అక్కడ ఉండగా ఇంట్లో ఏదైనా చెడు జరగొచ్చు. దాన్ని దిగమింగి నవ్వుతూ పరిచర్యకి వెళ్ళకండి. అక్కడి సంఘంవాళ్ళకి చెప్పండి. ఆ వేళ వాళ్ళు వచ్చి మీ పక్కన కూర్చుంటారు, భాష రాకపోయినా చెయ్యి పట్టుకుంటారు, బోధకుడిగా వచ్చిన మీరు ఆ రోజు ఏమీ బోధించక్కర్లేదు.

ఇక తిరుగు ప్రయాణానికి రెండు వారాల ముందే మనసు సూట్‌కేసులో దూరిపోతుంది. అప్పుడు నోట్‌బుక్ తీసి పేర్లు ఒక్కొక్కటీ చూసుకుని, ఎవరెవరిని స్వయంగా వెళ్ళి కలవాలో గుర్తు పెట్టుకోండి. టికెట్ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా పిల్లలతో "మళ్ళీ వస్తా" అని మాత్రం అనకండి, వాళ్ళు రోజులు లెక్కపెట్టుకుంటారు.