ఓహెచ్ కనబడగానే క్షారం అనేయకండి

ఒక పదార్థం క్షారమా కాదా అంటే చాలామంది ముందు ఫార్ములాలో ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జత) వెతుకుతారు. సోడియం హైడ్రాక్సైడ్‌కి అది సరిపోతుంది. కానీ ఇథనాల్‌లోనూ ఓహెచ్ ఉంది, లిట్మస్ రంగు మాత్రం మారదు. ఆ ఓహెచ్ కార్బన్‌ను పట్టుకుని ఉంటుంది, నీళ్లలో అయానుగా విడిపోదు. బోరిక్ ఆమ్లంలో ఏకంగా మూడు ఓహెచ్‌లున్నాయి, పేరులోనే ఆమ్లం!

ప్రశ్న మార్చి చూడండి: ఈ పదార్థం ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ అయాన్‌ను, పుచ్చుకోగలదా? 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ అనే రసాయన శాస్త్రవేత్తలు విడివిడిగా చెప్పింది ఇదే. అమ్మోనియానే తీసుకోండి. ఓహెచ్ లేనే లేదు. నైట్రోజన్ మీద మాత్రం బంధంలో చేరని ఎలక్ట్రాన్ జంట ఒకటుంది. దాంతో నీటి అణువు నుంచి ప్రోటాన్‌ను లాక్కుని అమ్మోనియం అయాన్ అవుతుంది. నీటిలో మిగిలిపోయిన ముక్కే హైడ్రాక్సైడ్, ఎర్ర లిట్మస్‌ను నీలంగా మార్చేది అదే. 0.1 మోలార్ ద్రావణంలో సుమారు 1.3 శాతం అణువులే ఈ పని చేస్తాయి, అందుకే అది బలహీన క్షారం.

ఇలా బంధంలో చేరని జంట ఉంటే చాలనుకోకండి. క్లోరైడ్‌కి నాలుగున్నాయి, అయినా నీళ్లలో ప్రోటాన్ జోలికి దాదాపు పోదు.