సూపర్ గ్లూతో మరమ్మతులు – 3వ పాఠం: జిగురును త్వరగా గట్టిపరిచే ఇంటి ఉపాయాలు

అతకవలసిన ముఖాలను గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు తీసి సిద్ధం చేయడం గత పాఠంలో నేర్చుకున్నాం. వేసిన జిగురు ఎంతసేపటికీ పట్టుకోకపోతే, ప్రత్యేకమైన స్ప్రే కొనకుండానే ఏం చేయవచ్చో ఈ పాఠంలో చూద్దాం.

ఫెవికాల్ తనలోని నీటిని కోల్పోయి గట్టిపడుతుంది. సూపర్ గ్లూలోని సయనోయాక్రిలేట్ అలా ఆరేది కాదు. ఉపరితలం మీది తేమ తగిలినప్పుడు దాని అణువులు ఒకదానికొకటి గొలుసులుగా కలిసి ప్లాస్టిక్‌గా మారతాయి. ఈ మార్పు సీసాలోనే మొదలుకాకుండా తయారీదారులు అతి స్వల్పంగా ఆమ్లాన్ని కలుపుతారు. ఆ ఆమ్లాన్ని హరించే బలహీన క్షారం ఏది తగిలినా జిగురు వేగం పుంజుకుంటుంది కనుకనే వంటసోడా ఇక్కడ పనికివస్తుంది. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు ఆమ్ల పదార్థం కూడా ఉంటుంది కాబట్టి దానిని వాడకండి. చాలా రకాల కలపకు కొంత ఆమ్లగుణం ఉండటం వల్లనే చెక్క మీద ఈ జిగురు ఆలస్యంగా పడుతుంది.

అయితే సోడా డబ్బా తెరిచేముందు జిగురు పొర మందాన్ని చూసుకోవాలి. తేమ అంచుల నుంచి, ముఖాల నుంచి మాత్రమే అందుతుంది కనుక మందపు పొర లోపల చాలాసేపు ద్రవంగానే మిగిలిపోతుంది. ఒక్క చుక్క వేసి గట్టిగా నొక్కిపెట్టడం చాలా సందర్భాల్లో సరిపోతుంది. రాయలసీమ, తెలంగాణల్లో ఎండాకాలపు పొడిగాలిలో అతికేటప్పుడు, జిగురు వేయని ముఖం మీద నోటితో ఒకసారి ఆవిరి ఊదితే కావలసిన తేమ దొరుకుతుంది.

అదీ చాలకపోతే సోడానీళ్లు వాడవచ్చు. అర గ్లాసు నీటిలో ఒక చెంచా వంటసోడా పూర్తిగా కరిగించి, ఒక ముఖానికి మాత్రమే పలుచగా పూసి, పూర్తిగా ఆరనివ్వాలి. తెల్లని పొడి పేరుకుంటే మెత్తని గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే జిగురు వస్తువును వదిలి పొడినే పట్టుకుంటుంది. జిగురును రెండో ముఖానికి రాసి, ఒక్కసారే సరిగ్గా అమర్చాలి. ఆ తరువాత సర్దుకునే వ్యవధి ఉండదు.

పొడి సోడా అసలు ప్రయోజనం వేరే చోట ఉంది. విరిగిన ముక్క పోయి గుంట మిగిలినప్పుడు, ఉదాహరణకు ప్లాస్టిక్ బకెట్ పిడి అంచులోనో, గిటారు తీగలు ఆనే నట్టు గాడి అరిగిపోయినప్పుడో, జిగురు ఒక్కటే ఆ ఖాళీని నింపలేదు. గుంటలో సోడాను పలుచగా చల్లి, పలుచని రకం జిగురును ఒక చుక్క వదిలితే అది పొడిలోకి ఇంకి క్షణాల్లో రాయిలా బిగుస్తుంది. లోతైన గుంటను ఒకేసారి నింపాలని చూడకండి. ఒక పొర, దాని మీద ఒక చుక్క, మళ్లీ పొర, ఇలా పైకి తీసుకురావాలి. మొత్తం సోడా ముందే పోస్తే అడుగున జిగురు అందని పొడి మిగిలి, తరువాత అక్కడే విరుగుతుంది. చివరికి ఆకురాయితో అరగదీసి ఆకృతి ఇవ్వండి. దగ్గరగా అతుక్కునే రెండు ముఖాల మధ్య మాత్రం పొడి సోడా చల్లడం తప్పు. వేగం పెరిగినకొద్దీ అతుకు పెళుసుబారుతుంది, అంచుల్లో తెల్లని మరకలూ వస్తాయి. కాబట్టి సమయం ఉన్నప్పుడు ఆగడమే మేలు.

వేగంగా గట్టిపడేటప్పుడు వేడి, కళ్లను మండించే ఆవిరి పుడతాయి. కిటికీ తెరిచి, ముఖాన్ని దూరంగా ఉంచి పనిచేయండి. దూదిని, నూలు గుడ్డను ఈ జిగురుతో ఎన్నడూ తడపకండి, చేతికి నూలు తొడుగులు వేసుకోకండి. నూలుతో కలిసినప్పుడు చర్మం కాలేంత వేడి పుట్టి, పొగ రావచ్చు, మంట కూడా లేవవచ్చు. వేళ్లు అతుక్కుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బు నీటిలో నానబెట్టి నెమ్మదిగా విడదీయండి. కంట్లో పడితే రెప్పలను బలవంతంగా తెరవకుండా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లండి.

అభ్యాసం: పనికిరాని ప్లాస్టిక్ ముక్కలో చిన్న గాడి కోసి, పొరలు పొరలుగా నింపండి. మర్నాడు దానిని రంపంతో అడ్డంగా కోసి చూడండి. కోతలో ఎక్కడైనా తెల్లని పొడి రాలితే మీ పొర మందమైందని అర్థం. సోడా తగ్గించి మళ్లీ చేయండి.