బడి మూతపడిన రోజుల్లో బోధన: ఆన్‌లైన్‌కు మారడానికి ఉపాధ్యాయులకు ఒక మార్గదర్శిని

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను మహమ్మారిగా ప్రకటించింది. ఆ తరువాత కొద్ది వారాలకే 190కి పైగా దేశాల్లో బడులు, కళాశాలలు మూతపడి, యునెస్కో లెక్కల ప్రకారం దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు తరగతి గదికి దూరమయ్యారు. అప్పుడు చాలా బడులు చేసిన మొదటి పని, ఉదయం మొదలై సాయంత్రానికి ముగిసే టైంటేబుల్‌ను ఉన్నదున్నట్టుగా జూమ్‌లోకో గూగుల్ మీట్‌లోకో ఎక్కించడం. ఉపాధ్యాయులు పడిన శ్రమకు వంక పెట్టలేము గానీ, ఆ పద్ధతి మాత్రం పిల్లలను అలసటకు గురిచేసినంతగా చదువుకు తోడ్పడలేదు. పీరియడ్లు, గంటలు, హాజరు పట్టీ అన్నీ అందరూ ఒకే గదిలో ఉంటారన్న ఏర్పాటు మీద ఆధారపడినవి. గదే లేనప్పుడు వాటిని నిలబెట్టే ప్రయత్నంలో శక్తి అంతా ఖర్చవుతుంది. నిలబెట్టుకోవలసినవి నిజానికి రెండే: పిల్లలకూ ఉపాధ్యాయులకూ మధ్య మాట తెగిపోకుండా చూడడం, పిల్లలు చేసిన పనిని ఎవరో ఒకరు చూసి బాగోగులు తిరిగి చెప్పడం. అంటువ్యాధి వల్ల గానీ వరదల వల్ల గానీ వడగాడ్పుల వల్ల గానీ బడి మళ్లీ మూతపడితే ఈ రెంటినీ ఎలా కాపాడుకోవాలన్నదే ఈ వ్యాసంలోని విషయం.

తొలి నిర్ణయం పాఠాలను తగ్గించుకోవడం. ఒక విశ్వవిద్యాలయ కోర్సును పూర్తిగా ఆన్‌లైన్‌కు తగినట్టు తీర్చిదిద్దడానికి మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుందని ఈ రంగంలోని పరిశోధకులు 2020 మార్చిలోనే రాశారు. రెండు మూడు రోజుల వ్యవధిలో మారవలసివచ్చిన బడి ఆ స్థాయిని అందుకోలేదు, అందుకోనవసరమూ లేదు. ప్రతి సబ్జెక్టులోనూ ముందు పాఠాలకు పునాదిగా నిలిచేవి ఏవో ఉపాధ్యాయులందరూ కలిసి కూర్చుని గుర్తించి, వాటిని మాత్రమే ఉంచుకుని, మిగిలినవి బడి తెరిచాక చెప్పుకోవచ్చునని ధైర్యంగా పక్కన పెట్టాలి. భిన్నాలు రాని పిల్లలకు శాతాలు చెప్పడం కుదరదు. కానీ ఒక వ్యాసరచన ఆలస్యమైనంత మాత్రాన తరువాతి పాఠమేదీ ఆగదు.

ఏ ఇంట్లో ఏముందో ముందే తెలుసుకోవాలి

దూరవిద్య అందుకునే మార్గమే లేని పిల్లలు కనీసం 46.3 కోట్ల మంది ఉన్నారని 2020 ఆగస్టులో యునిసెఫ్ అంచనా వేసింది. అంటే బడి పిల్లల్లో సుమారు మూడో వంతు. కాబట్టి యాప్ ఎంచుకోవడానికి ముందే ఇళ్ల పరిస్థితిని ఆరా తీయాలి. ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న, “ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా?” అని. దానికి వచ్చే జవాబు దాదాపుగా పనికిరాదు, ఎందుకంటే ఫోన్ ఉండడం వేరు, పాఠం వేళకు అది పిల్లల చేతిలో ఉండడం వేరు. ఆ ఫోన్ ఎవరిది, వారు పనికి వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోతారా, ఇంట్లో చదువుకునే పిల్లలు ఎంతమంది, నెలకు ఎంత డేటా వేయించగలరు, కరెంటు ఏ వేళల్లో పోతుంది, నిశ్శబ్దంగా కూర్చునే చోటు ఉందా, అర్థం కానిది అడిగితే చెప్పగల పెద్దలు పక్కన ఉన్నారా అని విడివిడిగా అడగాలి. ఈ వివరాలు కాగితం మీద నింపమని ఇళ్లకు పంపడం కంటే, క్లాస్ టీచరు ఒక్కొక్క కుటుంబానికి ఫోన్ చేసి మాటల్లో రాబట్టడమే మేలు. లేమిని కాగితం మీద ఒప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు.

ఈ పట్టిక చేతికి వచ్చాక, తరగతిలో అందరికంటే తక్కువ వసతి ఉన్న విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని ప్రణాళిక వేయాలి. బాగా వసతి ఉన్నవారికి తగినట్టు వేసి మిగతావారికి సర్దుబాట్లు చేద్దామనుకుంటే, ఆ సర్దుబాట్లు చివరికి ఎవరూ చేయరు.

మార్గాన్ని ఎంచుకోవడం

దూరం నుంచి చదువు చెప్పడం ఇంటర్నెట్‌తో పుట్టినది కాదు. 1937 సెప్టెంబరులో పోలియో వ్యాపించి షికాగోలో బడులు తెరవడం ఆలస్యమైనప్పుడు, అక్కడి విద్యాధికారులు 3 నుంచి 8వ తరగతి వరకు పిల్లలకు రేడియోలో పావుగంట చొప్పున పాఠాలు చెప్పించారు. ఆ పాఠాల వేళలు, ప్రశ్నలు దినపత్రికల్లో అచ్చయ్యాయి. తల్లిదండ్రుల సందేహాలు తీర్చడానికి టెలిఫోన్ దగ్గర ఉపాధ్యాయులను కూర్చోబెట్టారు. అయినా రేడియో లేని ఇళ్ల పిల్లలు, ప్రసారం సరిగా అందని ప్రాంతాల పిల్లలు వెనకబడ్డారన్న ఫిర్యాదు అప్పుడూ వచ్చింది. ఎబోలా వ్యాపించిన 2014-15లో పశ్చిమ ఆఫ్రికా దేశమైన సియెరా లియోన్ రేడియో పాఠాలు నడిపి, 2020లో మళ్లీ అదే ఏర్పాటును బయటికి తీసింది.

అన్నిటికంటే ఉపయోగపడే ఉదాహరణ ఆఫ్రికా దక్షిణ భాగంలోని బోట్స్వానా దేశానిది. 2020లో బడులు మూతపడిన కాలంలో అక్కడ సుమారు 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం జరిగింది. కొందరు పిల్లలకు వారానికొకసారి మామూలు ఫోన్‌కు ఎస్సెమ్మెస్ ద్వారా లెక్కలు పంపారు. మరికొందరికి ఆ సందేశంతో పాటు బోధకులు వారానికి 15, 20 నిమిషాలు ఫోన్ చేసి, ఆ లెక్కలను పిల్లల చేత పైకి చెప్పిస్తూ చేయించారు. సందేశాలు మాత్రమే అందినవారిలో నిలకడైన మార్పు కనబడలేదు; ఫోన్ కూడా అందినవారి లెక్కలు స్పష్టంగా మెరుగుపడ్డాయి. ఖరీదైన పరికరం, వేగమైన ఇంటర్నెట్ ఏదీ ఇందులో లేదు. ఒక మనిషి గొంతు వారానికొకసారి పలకరించి, “ఇది ఎలా చేశావో చెప్పు” అని అడగడమే ఇక్కడ పనిచేసింది.

అందుచేత నా సలహా ఇది: వారానికొక్క ఫోన్ సంభాషణను కనీస ఏర్పాటుగా పెట్టుకుని, దాని మీద మిగతావి కట్టుకోవాలి. నలభై మంది ఉన్న తరగతికి ఇది భారమే. అయితే ఉపాధ్యాయులు పిల్లలను పంచుకుని, ముగ్గురేసి నలుగురేసిని కాన్ఫరెన్స్ కాల్‌లో కలిపితే సాధ్యమే. దానికి పైన కాగితపు వర్క్‌షీట్లు, వాటిపైన వాట్సాప్‌లో పంపే ఆడియో, చిన్న వీడియోలు, అన్నిటికంటే పైన ప్రత్యక్ష తరగతి ఉండాలి. డేటా విషయం కూడా మరిచిపోకూడదు: గంటసేపు సామూహిక వీడియో కాల్‌కు కొన్ని వందల మెగాబైట్ల నుంచి ఒక గిగాబైటుకు పైగా ఖర్చు కావచ్చు, అదే మాట మాత్రమే వినిపించే కాల్‌కు కొన్ని పదుల మెగాబైట్లు చాలు.

ప్రత్యక్ష తరగతిని దేనికి వాడాలి

పాఠం వివరించడానికి మాత్రం కాదు. వివరణను ముందే రికార్డు చేసి పంపవచ్చు, పిల్లలు ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ, ఫోన్ ఇంటికి వచ్చిన వేళ చూసుకోవచ్చు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల సార్లు వీడియోలు చూసిన తీరును పరిశీలించి 2014లో వెలువడిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా చూసేవారు సాధారణంగా ఆరు నిమిషాలకు మించి నిలవడం లేదని తేలింది. పెద్దవారి సంగతే అలా ఉన్నప్పుడు, పిల్లలకు చేసే వీడియో ఒక్క విషయంతో మొదలై అదే విషయంతో అయిదారు నిమిషాల్లో ముగియాలి. స్టూడియో హంగులు అవసరం లేదు. కాగితం మీద లెక్క చేస్తున్న చేయి, స్పష్టమైన గొంతు ఉంటే సరిపోతుంది.

అందరూ కలిసే సమయాన్ని ప్రశ్నలకు, తప్పులు దిద్దడానికి, కలిసి చదవడానికి ఉంచాలి. ఆన్‌లైన్ ఉపన్యాసం మధ్యలో కొద్ది నిమిషాలకొకసారి చిన్న పరీక్ష పెడితే మనసు పక్కదారి పట్టడం తగ్గి, విన్నది ఎక్కువగా గుర్తుంటుందని 2013లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. దీన్ని తరగతిలో అమలు చేయడం సులువు. ప్రశ్న అడిగాక అందరినీ చాట్‌లో జవాబు టైపు చేయమని, మీరు చెప్పేదాకా పంపవద్దని చెప్పాలి. ఆపైన ఒకేసారి పంపమంటే, ఇతరుల జవాబు చూసి రాసే వీలు లేకుండా తరగతి మొత్తం ఎక్కడుందో ఒక్క చూపులో తెలుస్తుంది. చాట్ వాడలేని చిన్న పిల్లల చేత పలక మీదో కాగితం మీదో రాయించి కెమెరాకు చూపించమనవచ్చు. ప్రశ్న వేసిన తరువాత గదిలో కంటే ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే నెట్‌వర్క్ ఆలస్యం, మ్యూట్ తీయడం, జంకు అన్నీ కలిసి జవాబును వెనక్కి లాగుతాయి. ఆ మౌనాన్ని భరించలేక ఉపాధ్యాయులే జవాబు చెప్పేస్తే పిల్లలు త్వరలోనే ప్రయత్నం మానుకుంటారు.

కెమెరా తప్పనిసరి చేయడాన్ని నేను సమర్థించను. ఎదురుగా అన్ని ముఖాలు దగ్గరగా కనబడడం, తన ముఖాన్ని తానే ఎడతెగకుండా చూసుకోవడం, కదలకుండా కూర్చోవడం, హావభావాలను చదవడానికి ఎక్కువ శ్రమ పడడం వల్ల వీడియో సమావేశాలు అలసట కలిగిస్తాయని 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బైలెన్సన్ విశ్లేషించారు. దానికి తోడు, ఇంటి పరిస్థితిని తోటివారికి చూపించవలసి రావడం కొందరు పిల్లలకు అవమానంగా ఉంటుంది. పిల్లలు పాఠంలో ఉన్నారో లేదో ముఖం కంటే జవాబులే బాగా చెబుతాయి.

లింకులను బహిరంగంగా పంచకపోవడం, వచ్చినవారెవరో చూశాకే లోపలికి అనుమతించే వెయిటింగ్ రూమ్ పెట్టడం, పిల్లలు కనబడే రికార్డింగును అనుమతి లేకుండా ఎవరికీ పంపకపోవడం వంటి జాగ్రత్తలు మొదటి రోజు నుంచే పాటించాలి.

ఇచ్చిన పని తిరిగి రావాలి

ఒక్కొక్క టీచరు ఒక్కొక్క యాప్‌లో హోంవర్క్ ఇవ్వడం 2020లో ఇళ్లలో చాలా చికాకు తెచ్చిపెట్టింది. బడి మొత్తానికి ఒకే చోటు ఉండాలి. వారం మొత్తం పని ఒకే పేజీలో, ఏ రోజు ఏది, ఎంతసేపు పడుతుంది, ఎలా పంపాలి అన్న వివరాలతో ముందుగానే అందాలి. పిల్లలు నోటుపుస్తకంలోనే రాసి ఫొటో తీసి పంపితే చాలు. దిద్దేటప్పుడు ప్రతి తప్పునూ గుర్తించనవసరం లేదు. ఒక ముఖ్యమైన తప్పును పట్టుకుని, అరనిమిషం వాయిస్ మెసేజ్‌లో వివరించి, అదే రకం లెక్క ఇంకొకటి చేయమంటే ఎర్ర సిరా గీతల కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

పరీక్షల సంగతి ఇంకాస్త జాగ్రత్తగా ఆలోచించాలి. 2020 ఆగస్టులో ఇంగ్లండ్‌లో పరీక్షలు రద్దయిన ఏ-లెవెల్ (బడి చదువు చివర, విశ్వవిద్యాలయ ప్రవేశానికి ముందు ఉండే స్థాయి) విద్యార్థులకు ఒక గణిత నమూనా ద్వారా గ్రేడ్లు ఇచ్చినప్పుడు, ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడ్లలో దాదాపు 40 శాతం తగ్గిపోయాయి. నిరసనలు చెలరేగి కొద్ది రోజులకే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. బడి నడుస్తున్న రోజుల్లోనే పిల్లల పనిని చిన్న చిన్న నమూనాలుగా భద్రపరుస్తూ ఉంటే, ఇటువంటి వేళ ఊహల మీద కాకుండా ఆధారాల మీద మార్కులు వేయవచ్చు. ఇంటి దగ్గర రాసే పరీక్షకు నిఘా పెట్టడం కంటే, పుస్తకం చూసి రాయగల ప్రశ్నలిచ్చి ఆ తరువాత రెండు నిమిషాలు మాట్లాడించడం నమ్మదగిన పద్ధతి.

తల్లిదండ్రులను ఉపాధ్యాయులుగా మార్చాలని చూడకూడదు. నెదర్లాండ్స్‌లో ఇంటర్నెట్ సదుపాయం బాగా ఉన్నా, సుమారు ఎనిమిది వారాల మూసివేత తరువాత పిల్లలు విద్యాసంవత్సరంలో అయిదో వంతుకు సమానమైన చదువును కోల్పోయారని, తల్లిదండ్రుల చదువు తక్కువగా ఉన్న ఇళ్లలో ఆ నష్టం 60 శాతం వరకు ఎక్కువని 2021లో ఒక అధ్యయనం తేల్చింది. కాబట్టి ఇంట్లోవారిని అడగదగినది ఒక వేళ, ఒక చోటు కేటాయించడం, “ఈరోజు ఏం చేశావో నాకు చెప్పు” అని అడగడం మాత్రమే. చదువురాని వారైనా ఈ పని చక్కగా చేయగలరు.

బడి తెరిచిన తరువాత

ఆగిన పేజీ దగ్గర నుంచి పాఠం మొదలుపెట్టడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. 2005లో పాకిస్తాన్‌లో వచ్చిన భూకంపం వల్ల బడులు సుమారు 14 వారాలు మూతపడ్డాయి. నాలుగేళ్ల తరువాత పరిశీలించగా, భూకంపం సంభవించిన చోటికి దగ్గరలోని పిల్లలు దూరంగా ఉన్న పిల్లల కంటే ఏడాదిన్నర చదువు వెనకబడి ఉన్నారు. మూసిన కాలం మూడు నెలలపైన మాత్రమే కాగా నష్టం అంతలా పెరిగిందంటే, తెరిచిన తరువాత కూడా పిల్లలు తమకు అందని పాఠాలు వింటూ మరింత వెనకబడ్డారని పరిశోధకులు భావించారు.

అందుకని తెరిచిన మొదటి వారంలో మార్కులు లేని చిన్న పరీక్షలు పెట్టి, ఎవరికి చదవడం వచ్చు, ఎవరికి కూడికలు, భాగహారాలు వచ్చు అని విడివిడిగా చూడాలి. రోజుకు ఒక గంట తరగతితో నిమిత్తం లేకుండా, వచ్చినదాన్ని బట్టి పిల్లలను జట్లుగా చేసి నేర్పాలి. నెలకొకసారి మళ్లీ చూసి జట్లు మార్చాలి. మూసివేత కాలంలో ఒక్కసారి కూడా ఫోన్‌కు దొరకని పిల్లల జాబితా తీసి, వారు బడికి వచ్చారో లేదో మొదటి రోజే చూసి, రాకపోతే ఆ వారంలోనే వారి ఇంటికి మనిషిని పంపాలి. ఫోన్ నంబర్లు మారుతూ ఉంటాయి కనుక ఇళ్ల పట్టికను ప్రతి టర్మ్ మొదట్లో సరిచేసుకుని, ఏడాదికొకసారి ఒక రోజు బడిని ఇంటి నుంచే నడిపి చూస్తే, ఏ పిల్లలకు ఏది అందలేదో అప్పుడే బయటపడుతుంది.