ప్యాకేజింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: లైసెన్స్ లైనులో ఏం రాయాలి?

పోయిన పాఠంలో స్పెక్ ఫైల్‌లో (ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీలకు ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పే ఫైల్) పేరు, వెర్షన్, సోర్స్ లైన్లు రాశాం. లైసెన్స్ లైను దగ్గర ప్రస్తుతానికి ఏదో ఒకటి పెట్టేసి ముందుకు వెళ్లమన్నాను. ఈ వారం పాఠమంతా ఆ ఒక్క లైను గురించే. మీ ప్యాకేజీని వాడుకునేవాళ్లలో సోర్స్ విప్పి చూసేవాళ్లు చాలా తక్కువ. మిగతా అందరూ మీరు రాసిన ఆ లేబుల్‌నే నమ్ముతారు.

నేను బెంగళూరు వచ్చిన కొత్తలో, మారతహళ్లిలో పీజీలో కూర్చుని నా మొదటి ప్యాకేజీ కట్టాను. సోర్స్‌లో 'కాపీయింగ్' అనే ఫైల్ కనిపించింది. తెరిస్తే పైనే జీపీఎల్ (కోడ్‌ని మార్చుకుని పంచుకోనిచ్చి, పంచేటప్పుడు అవే షరతులు కొనసాగించమనే లైసెన్స్) వెర్షన్ 2 అని ఉంది. అదే రాసి పంపాను. రివ్యూ చేసిన ఆయన ఒక్కటే అడిగారు: "2 మాత్రమేనా, 2 గానీ ఆ పై వెర్షన్లు గానీనా?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ప్రతి ఫైలూ తెరిచి చదివాక గానీ ఆ ప్రశ్న ఎందుకు అడిగారో అర్థం కాలేదు.

కాపీయింగ్ ఫైల్‌లో ఉండేది లైసెన్స్ పాఠం మాత్రమే. '2 మాత్రమే' అనుకున్న రచయిత పెట్టేదీ, '2 లేదా ఆ తర్వాతివి' అనుకున్న రచయిత పెట్టేదీ అదే ఫైల్, అక్షరం కూడా తేడా ఉండదు. రచయిత ఉద్దేశం సాధారణంగా సోర్స్ ఫైళ్ల నెత్తిన ఉండే కామెంట్‌లో దొరుకుతుంది. అక్కడ 'వెర్షన్ 2, లేదా మీ ఇష్టాన్ని బట్టి ఆ తర్వాతి ఏ వెర్షనైనా' అనే అర్థం వచ్చే వాక్యం ఉంటే లేబుల్ 'జీపీఎల్-2.0-ఆర్-లేటర్'. వెర్షన్ 2 మాత్రమే అని ఉంటే 'జీపీఎల్-2.0-ఓన్లీ'. లినక్స్ కెర్నల్ ఈ రెండో రకం. (ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, స్పెక్‌లో వీటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టాలి.) రీడ్‌మీ కూడా చూడండి. ఎక్కడా స్పష్టత లేకపోతే ఊహించి రాయకండి, రచయితకు మెయిల్ పెట్టి అడగండి.

ఇది మాటల పట్టింపు కాదు. జీపీఎల్ 2 వచ్చింది 1991లో, 3 వచ్చింది 2007లో. '2 మాత్రమే' అన్న కోడ్‌నీ '3 మాత్రమే' అన్న కోడ్‌నీ ఒకే ప్రోగ్రామ్‌గా కలిపి పంచలేం. మీరు ఓన్లీకి బదులు ఆర్-లేటర్ అని రాస్తే, రచయిత ఇవ్వని అనుమతిని మీరు ఇచ్చినట్టవుతుంది.

ఈ పొట్టి పేర్లు ఎస్‌పీడీఎక్స్ జాబితాలోవి, అంటే ఒక్కో లైసెన్స్‌కి అందరూ ఒకే పేరు వాడేలా చేసిన జాబితా. 2021లో ఎస్‌పీడీఎక్స్ ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. ఫెడోరా ఒకప్పుడు సొంత పొట్టి పేర్లు వాడేది. 2022 నుంచి ఎస్‌పీడీఎక్స్‌కి మారింది. పాత స్పెక్‌లలో 'బీఎస్‌డీ' అనో 'ఎంఐటీ' అనో (రెండూ తక్కువ షరతులున్న లైసెన్స్‌ల పేర్లు) ఉంటే దాన్నలాగే కొత్త లేబుల్‌గా దించకండి. ఆ ఒక్క మాట కింద చాలా రకాల పాఠాలు ఉండేవి.

బీఎస్‌డీ అని కనిపించినప్పుడు షరతుల మీద వేలు పెట్టి లెక్కపెట్టండి. మొదటిది సోర్స్‌లో కాపీరైట్ నోటీసు ఉంచాలని, రెండోది బైనరీతో (కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌తో) పాటు కూడా అది ఇవ్వాలని. అక్కడితో ఆగితే '2-క్లాజ్'. అనుమతి లేకుండా మా పేరు ప్రచారానికి వాడొద్దు అనే మూడోది ఉంటే '3-క్లాజ్'. మొదటి రెండు షరతుల తర్వాత, ప్రకటనల్లో మా పేరు తప్పనిసరిగా చెప్పాలి అనే షరతు వచ్చి, పేరు వాడొద్దన్నది నాలుగో స్థానానికి జరిగితే '4-క్లాజ్'. ఆ ప్రకటన షరతు జీపీఎల్‌తో కుదరదు. బర్క్‌లీ విశ్వవిద్యాలయం తన కోడ్ వరకు దాన్ని 1999లో తీసేసింది.

ఇప్పుడు అసలు పని. సోర్స్ ఫోల్డర్‌లో 'లైసెన్స్‌చెక్' అనే కమాండ్ నడపండి. ఫైలు ఫైలుకీ దొరికిన లైసెన్స్ చూపిస్తుంది, తనకు తెలియనిచోట 'అన్‌నోన్' అంటుంది. ఆ అన్‌నోన్ ఫైళ్లన్నీ చేత్తో తెరిచి చదవాల్సిందే. ఉదాహరణకు, ప్రోగ్రామంతా జీపీఎల్-2.0-ఆర్-లేటర్. అందులో బేస్64 (డేటాను మామూలు అక్షరాలుగా మార్చే పద్ధతి) కోడ్ ఉన్న ఒక్క ఫైలు మాత్రం రచయిత వేరేచోట నుంచి తెచ్చుకున్నది, దాని మీద బీఎస్‌డీ 3-క్లాజ్ ఉంది. అప్పుడు లేబుల్‌లో రెండూ రాసి మధ్యలో 'ఆండ్' పెట్టాలి.

కేఆర్ పురంలో ఆదివారాలు మాతో కూర్చునే గుంటూరు తమ్ముడు ఇక్కడే ఆపాడు: "అన్నా, కలిపితే మొత్తం జీపీఎల్ కిందకే వస్తుంది కదా, అదొక్కటే రాస్తే పోలా?" చాలామందికి వచ్చే సందేహమే. జీపీఎల్ కిందకి వచ్చినా ఆ బీఎస్‌డీ నోటీసు చెరిగిపోదు, ఆ షరతులు పాటించాల్సిందే. ఫెడోరా అడిగేది కూడా చివరికి ఏది గెలుస్తుందన్న తీర్పు కాదు, లోపల ఏమేం ఉన్నాయన్న లెక్క.

అయితే ఆ లెక్క బైనరీ ప్యాకేజీలోకి వెళ్లేవాటికే. కట్టేటప్పుడు మాత్రమే నడిచే కాన్ఫిగర్ స్క్రిప్ట్, ఇన్‌స్టాల్ కాని టెస్టులు ఫెడోరా లేబుల్‌లోకి రావు. డెబియన్ అనే ఇంకో లినక్స్ పంపిణీలో అలా కాదు. అక్కడి కాపీరైట్ ఫైల్‌లో సోర్స్ మొత్తానికీ లెక్క చెప్పాలి. ఒకే ప్రోగ్రామ్‌ని రెండు చోట్లా కట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

'ఆర్' సంగతి వేరు. వాడుకునేవాళ్లు రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చని రచయితే చెప్పినప్పుడు మాత్రమే అది వస్తుంది. 'పెర్ల్‌కి ఉన్న షరతులే దీనికీ' అని పెర్ల్ భాష మాడ్యూళ్లలో కనిపించే వాక్యం అలాంటిదే. దానికి లేబుల్ 'జీపీఎల్-1.0-ఆర్-లేటర్ ఆర్ ఆర్టిస్టిక్-1.0-పెర్ల్'. ఇలాంటి జంటకు ఇంకో లైసెన్స్‌ని ఆండ్‌తో జతచేయాల్సి వస్తే ఆ జంటను బ్రాకెట్లలో పెట్టండి. లేకపోతే అర్థం మారిపోతుంది.

ఈ వారం అభ్యాసం: మీ మెషీన్‌లో ఉన్న ఏదైనా చిన్న సీ ప్రోగ్రామ్ సోర్స్ దించుకోండి. ముందు కాపీయింగ్ ఫైల్ తెరవకుండా, ఒక్కో ఫైల్ తల చదువుతూ కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత లైసెన్స్‌చెక్ నడిపి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వచ్చిన ప్రతి ఫైలు పేరూ వచ్చే పాఠానికి దగ్గర ఉంచుకోండి. రస్ట్ భాష ప్రోగ్రామ్‌లలో పదుల కొద్దీ క్రేట్లు (ఆ భాష లైబ్రరీలు) ఒకే బైనరీలో కలిసిపోయినప్పుడు లేబుల్ ఎలా కట్టాలో అక్కడి నుంచే మొదలుపెడదాం.