ఇంటి స్ట్రక్చర్ లెక్కలు – 5వ పాఠం: బాల్కనీ స్లాబులో రాడ్డు ఏ ఎత్తులో ఉండాలి?

పోయిన పాఠంలో రెండు గోడల మీద ఆనిన స్లాబుకు రాడ్లు లెక్కకట్టాం. అక్కడ బరువు పడితే స్లాబు మధ్యలో కుంగుతుంది, కింది ముఖం సాగుతుంది, అందుకే ఇనుము కింద వేశాం. ఈసారి బాల్కనీ తీసుకుందాం. ఆధారం ఒకవైపే, రెండో కొస గాల్లో ఉంటుంది.

పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు ఒకటి తీసుకోండి. దాని పై ముఖం మీద అడ్డంగా, దగ్గర దగ్గరగా గీతలు గీయండి. సగం టేబుల్ మీద ఉంచి గట్టిగా అదిమిపట్టి, బయటికున్న కొసను కిందికి నొక్కండి. గీతల మధ్య ఎడం పెరుగుతుంది. అందులోనూ టేబుల్ అంచు దగ్గర బాగా పెరుగుతుంది. బాల్కనీ స్లాబులోనూ సాగేది పై ముఖమే, అదీ బీము అంచు దగ్గర. కాబట్టి మెయిన్ రాడ్డు పైన ఉండాలి.

చెక్క దూలాన్ని తలకిందులుగా పెట్టినా దాని బలంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. స్టీలు ఐ సెక్షన్‌కు పైనా కిందా ఒకేలాంటి ఫ్లాంజ్ (అడ్డ పట్టీ) ఉంటుంది కాబట్టి దానికీ ఇబ్బంది లేదు. కాంక్రీటు స్లాబుకు ఆ వెసులుబాటు లేదు. రాడ్డు నాలుగు సెంటీమీటర్లు కిందికి జారితే ఏమవుతుందో లెక్క వేసే చూద్దాం.

మన బాల్కనీ 1.2 మీటర్లు బయటికి ఉంది. స్లాబు మందం 150 మి.మీ., కాంక్రీటు గ్రేడు ఎం25, రాడ్ల గ్రేడు ఎఫ్‌ఈ 500. ఎండావానలకు తగిలే చోటు కాబట్టి కవరు, అంటే రాడ్డును కప్పి ఉంచే కాంక్రీటు మందం, 30 మి.మీ. మీటరు వెడల్పు ముక్కకు లెక్క కడదాం. 1 కిలోన్యూటన్ అంటే దాదాపు 100 కిలోల బరువు అని గుర్తుంచుకోండి.

ఘనపు మీటరు కాంక్రీటు 25 కిలోన్యూటన్లు, కాబట్టి స్లాబు సొంత బరువు 0.15 × 25 = 3.75. టైల్సు, మోర్టారు కలిపి 1. మనుషుల బరువుకు ఇళ్ల బాల్కనీలకు బరువుల కోడ్ ఐఎస్ 875 కనీసం 3 తీసుకోమంటుంది. మొత్తం చదరపు మీటరుకు 7.75 కిలోన్యూటన్లు. భద్రత కోసం దాన్ని 1.5తో హెచ్చిస్తే 11.6. కొసన 900 మి.మీ. ఎత్తున నాలుగున్నర అంగుళాల ఇటుక పిట్టగోడ ఉందనుకుందాం. ప్లాస్టరింగుతో కలిపి మీటరు పొడవుకు దాదాపు 2.5, దాన్ని 1.5తో హెచ్చిస్తే 3.75.

బీము అంచు దగ్గర మూమెంట్, అంటే స్లాబును వంచే ప్రభావం (బరువు × దూరం):
స్లాబు మీది బరువుకు 11.6 × 1.2 × 1.2 ÷ 2 = 8.4
పిట్టగోడకు 3.75 × 1.2 = 4.5
మొత్తం 12.9 కిలోన్యూటన్ మీటర్లు.

పిట్టగోడ వాటా చూశారా, మూడో వంతు దాటింది. బరువు తక్కువే అయినా అది కొసన ఉంది. ఇటుక గోడకు బదులు ఇనుప రెయిలింగ్ పెడితే స్లాబుకు ఎంతో భారం తగ్గుతుంది. డిజైన్ అయిపోయాక రెయిలింగ్ తీసేసి ఇటుక గోడ కట్టించే వాళ్లున్నారు. అలా చేయాల్సొస్తే ముందు ఈ లెక్క మళ్లీ వేయాల్సిందే.

ఇక రాడ్లు. 10 మి.మీ. రాడ్డు వేస్తే, స్లాబు అడుగు నుంచి రాడ్డు మధ్యకు ఉన్న లోతు 150 – 30 – 5 = 115 మి.మీ. దీన్నే ఎఫెక్టివ్ డెప్త్ అంటాం. కావాల్సిన ఇనుము 12.9 × 10,00,000 ÷ (435 × 0.9 × 115) = సుమారు 287 చదరపు మి.మీ. ఇందులో 435 అంటే రాడ్డు మీద లెక్కలోకి తీసుకునే ఒత్తిడి (0.87 × 500), 0.9 × 115 అంటే పైన లాగే రాడ్డుకు, కింద నొక్కుకునే కాంక్రీటుకు మధ్య ఉజ్జాయింపు దూరం. ఒక్కో 10 మి.మీ. రాడ్డు 78.5 ఇస్తుంది కాబట్టి 273 మి.మీ.కు ఒకటి చాలు.

ఇది బలానికి సరిపోతుందే తప్ప ఒంగుడుకు కాదు. ఇలా ఒకవైపే ఆధారమున్న స్లాబును కాంటిలివర్ అంటారు. కాంటిలివర్‌కు పొడవును డెప్త్‌తో భాగిస్తే 7 దాటకూడదని కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 మొదలుపెడుతుంది. మనది 1200 ÷ 115 = 10.4. అయితే ఇనుము మీద ఒత్తిడి తగ్గే కొద్దీ ఆ 7ను పెంచుకోనిస్తుంది. 273 ఎడంలో అది 9 దగ్గరే ఆగిపోతుంది, చాలదు. ఎడం 200 చేస్తే 11 దాటుతుంది. అందుకే 10 మి.మీ. రాడ్లు 200 ఎడంలో వేద్దాం. అడ్డ రాడ్లు 8 మి.మీ.వి, 250 ఎడంలో, మెయిన్ రాడ్ల కింద కట్టాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ రాడ్లు డ్రాయింగులో చూపిన ఎత్తులోనే ఉంటే స్లాబు 18.3 కిలోన్యూటన్ మీటర్ల మూమెంట్ వరకు మోస్తుంది. స్లాబు వేసే రోజు మనుషులు తొక్కి 40 మి.మీ. కిందికి దిగాయనుకోండి, అది 11.4కు పడిపోతుంది. మనకు కావాల్సింది 12.9. రాడ్డు ఒక్కటి కూడా తగ్గలేదు, సైజు మారలేదు, అయినా డిజైన్ ఫెయిలయింది. మేస్త్రీ అలవాటు కొద్దీ ఇనుమంతా అడుగునే పరిస్తే మిగిలేది 4.6 మాత్రమే. స్లాబు, టైల్సు, పిట్టగోడల సొంత బరువుకే, 1.5తో హెచ్చించకుండానే, 6.4 కావాలి!

మరి అలాంటి బాల్కనీ సెంట్రింగ్ విప్పగానే ఎందుకు పడిపోదు? పగుళ్లు లేని కాంక్రీటుకు కూడా సాగుడు తట్టుకునే శక్తి కొంత ఉంటుంది. ఎం25కు ఐఎస్ 456 సూత్రం ప్రకారం అది 0.7 × √25 = చదరపు మి.మీ.కు 3.5 న్యూటన్లు. మన 150 మి.మీ. స్లాబుకు దీన్నిబట్టి 13 దాకా మూమెంట్ వస్తుంది. అంటే ఇనుము తప్పు చోట ఉన్నా, కాంక్రీటు ఒక్కటే కొంతకాలం నిలబెడుతుంది. ఆ తర్వాత ఎండకు, ఆరుదలకు, ఏ పండగ రోజో గుమిగూడిన జనానికి బీము అంచున ఒక పగులు వస్తే, ఆ శక్తి అక్కడితో సరి. అందుకోవాల్సిన ఇనుము ఆ ఎత్తులో లేదు. సరిగా కట్టిన స్లాబు ఒంగి, పగుళ్లు చూపించి హెచ్చరిస్తుంది. ఇది హెచ్చరించదు. "ఇన్నేళ్లుగా ఉంది కదా, ఏం కాదులే" అనే మాట బాల్కనీల విషయంలో నమ్మదగింది కాదు.

కాబట్టి కాంక్రీటు పోయకముందే టేపు పట్టుకుని బీము అంచు దగ్గర కొలవండి. సెంట్రింగ్ షీటు నుంచి మెయిన్ రాడ్డు అడుగుకు 110 మి.మీ. ఉండాలి. దాన్ని ఆ ఎత్తులో నిలిపేవి చైర్లు, అంటే రాడ్డునే వంచి చేసిన పీటలు. అవి అడ్డ రాడ్డును మోస్తాయి కాబట్టి వాటి కింద పెట్టే కవర్ బ్లాకుతో కలిపి 102 మి.మీ. రావాలి. కవర్ బ్లాకు లేకుండా చైరు కాళ్లు నేరుగా షీటు మీద ఆనిస్తే తర్వాత స్లాబు అడుగున తుప్పు మచ్చలు లేస్తాయి. మీటరుకొక చైరు అంటారు గానీ, బీము అంచు పొడవునా అరమీటరుకు ఒకటి పెట్టించడం మేలని నా అభిప్రాయం. కూలీలు నడవడానికి రాడ్ల మీద కాకుండా విడిగా చెక్కలు వేయించండి. పోస్తున్నంతసేపూ రాడ్ బెండర్ ఒకరు అక్కడే ఉండి, దిగిన రాడ్డును కొక్కెంతో పైకి లాగుతూ ఉండాలి.

రాడ్డు బీములోనే ఆగిపోకూడదు. ఎం25లో 10 మి.మీ. రాడ్డు పట్టు కోసం కనీసం 485 మి.మీ. లోపలికి వెళ్లాలి. గది స్లాబులోకి బాల్కనీ పొడవుకు ఒకటిన్నర రెట్లు, అంటే 1.8 మీటర్లు పోనివ్వడం మంచి అలవాటు. సపోర్టులు 14 రోజులకు ముందు తీయవద్దు. తీసేటప్పుడు కొస నుంచి మొదలుపెట్టి బీము వైపు రావాలి.

అభ్యాసం: వాననీరు గదిలోకి రాకుండా ఇదే బాల్కనీని గది స్లాబు కన్నా 50 మి.మీ. కిందికి దించారు. గది స్లాబు మందం 125 మి.మీ. బాల్కనీ పై రాడ్డును వంచకుండా తిన్నగా గదిలోకి పంపితే, అక్కడ అది స్లాబు అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉంటుంది? ఆ లోతుతో 12.9 మూమెంట్ మోయగలదా? బొమ్మ గీసి, కొలతలు వేసి ఉంచుకోండి. 6వ పాఠం ఈ బొమ్మతోనే మొదలవుతుంది.